‘హీరోస్’లో మద్రాసు ప్రొఫెసరు, కార్క్ దొంగలు: ఊరికో ముద్ర కొట్టి వదిలేశారా?

తాటిముంజ:
అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీ వాళ్ళ ‘హీరోస్’ గుర్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? 2006 సెప్టెంబరులో మొదలై 2010 ఫిబ్రవరిలో ఆగిపోయిన సీరియల్. హాస్టల్ ల్యాన్‌లో ఒకడి డ్రైవ్ నుంచి ఇంకొకడు లాక్కుని చూసిన బ్యాచ్ మాది. ఈమధ్య మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకున్నాను. మామూలు జనానికి ఉన్నట్టుండి శక్తులు రావడం, ఏం చెయ్యాలో తెలియక తికమకపడటం, అందరి కథలూ తిరిగి తిరిగి న్యూయార్కులో కలవడం, ఇదంతా ఇప్పటికీ బాగానే లాగుతోంది. కానీ ఈసారి నా కంటికి శక్తులకన్నా ఊళ్ళే ఎక్కువ ఆనుతున్నాయి.

టెక్సస్ అంటే చీర్‌లీడర్. టోక్యో అంటే ఆఫీసులో గుమాస్తా పని చేసుకుంటూ కామిక్స్ చదివే కళ్ళజోడు కుర్రాడు. మద్రాసు అంటే తత్వం మాట్లాడే ప్రొఫెసరు. హైతీ అంటే నోరు విప్పని మనిషి, పేరు కూడా లేదు, అందరూ ‘హైతియన్’ అనే పిలుస్తారు. రెండో సీజన్లో ఐర్లండ్‌లోని కార్క్ ఊరికి వెళ్తే పబ్బు, దాని వెనక దొంగల ముఠా. నేనే అతిగా ఆలోచిస్తున్నానా, మీకూ ఇలాగే అనిపించిందా?

చీకటిగది:
అతిగా ఏమీ లేదు గానీ, ఈ సీరియల్ సృష్టికర్త టిమ్ క్రింగ్ తరఫున ఒక్క మాట. ఎపిసోడ్‌కి నలభై రెండు నిమిషాలు, అందులో పదిమంది ముఖ్యపాత్రలు. ఒక్కొక్కరికీ నాలుగైదు నిమిషాలకి మించి రావు. అంత తక్కువలో "వీడెవడు, ఎక్కడివాడు" అని చూసేవాడికి ఎక్కాలంటే గీత లావుగానే గియ్యాలి. కార్టూనిస్టుకి ముక్కు పెద్దదిగా గియ్యడం ఎంత అవసరమో రచయితకి ఇదీ అంతే.

ఇంకోటి, అది 2006. అప్పటికి అమెరికన్ టీవీలో మన మొహం కనబడితే కిరాణా కొట్టు కౌంటర్ వెనకో, విమానాశ్రయంలో అనుమానితుడిగానో కనబడేది. అలాంటి రోజుల్లో తొమ్మిది గంటల స్లాట్‌లో, పోస్టర్ మీద, అందంగా ఉన్న ఒక భారతీయ శాస్త్రవేత్త! అతన్ని చూసి ఎవరూ నవ్వరు. పైగా చాలా ఎపిసోడ్ల మొదట్లో, చివర్లో వ్యాఖ్యానం అతని గొంతులోనే. దాన్ని తక్కువ చేసి చూడకండి.

పెరంబూర్ తెలుగోడు:
తక్కువ చెయ్యడం లేదండీ. కానీ మద్రాసులో పుట్టి పెరిగిన మాలాంటివాళ్ళకి ఆ పాత్ర పేరు దగ్గరే నవ్వు మొదలైంది. మొహిందర్ సురేశ్! మొహిందర్ అనేది పంజాబు పేరు. సరే, తండ్రికి ఇష్టమై పెట్టుకున్నాడనుకుందాం. మరి తండ్రి పేరు చంద్ర సురేశ్, కొడుకు పేరు మొహిందర్ సురేశ్, అంటే ‘సురేశ్’ ఇంటిపేరా? ఇక్కడ తమిళుల్లో ఇంటిపేరు వాడే అలవాటే లేదు. తండ్రి పేరులో మొదటి అక్షరం ఇనీషియల్ అవుతుంది. చంద్ర గారి అబ్బాయైతే "సి. మొహిందర్" అయ్యుండాలి. మా వీధి చివర టీకొట్టాయన్ని అడిగినా చెప్పేవాడు.

అదొక్కటేనా. మొదటి సీజన్ మధ్యలో మొహిందర్ మద్రాసు తిరిగొస్తాడు, గుర్తుందా? అక్కడ ఇతరుల కలల్లోకి వెళ్ళగలిగే పిల్లవాడు ఒకడు. వాడి పేరు సంజోగ్ అయ్యర్. సంజోగ్ ఉత్తరాది పేరు, అయ్యర్ ఏమో తమిళ బ్రాహ్మణం. మొహిందర్ పాత ప్రేయసి మీరా షెనాయ్, ఆ ఇంటిపేరు మంగళూరు వైపు కొంకణీలది. ఫోన్ డైరెక్టరీలో కళ్ళు మూసుకుని వేలు పెట్టినట్టుంది వ్యవహారం.

ఓరుగల్లు పోరడు:
మద్రాసుల పంజాబోళ్ళు, కొంకణోళ్ళు ఉండరా అన్నా? మా వరంగల్ల మార్వాడీలున్నరు, గుజరాతోళ్ళున్నరు. పేర్ల కాడ్నే గింత పంచాయితీ ఎందుకు?

పెరంబూర్ తెలుగోడు:
ఎందుకుండరు తమ్ముడూ, షావుకార్‌పేటకి పోతే సగం బోర్డులు హిందీలోనే ఉంటాయి. మేమే తెలుగువాళ్ళం తరాలుగా ఇక్కడున్నాం. ఆ కలగాపులగమే చూపించి ఉంటే సంతోషించేవాణ్ణి. కానీ వాళ్ళకి ఆ తేడాలే తెలియవు. తెలియదని ఎలా చెప్తున్నానంటే, భాష చూడు.

ఆ టోక్యో కుర్రాడు హిరో, అతని స్నేహితుడు ఆండో ఇద్దరూ ఒంటరిగా ఉంటే జపనీసే మాట్లాడుకుంటారు, కింద సబ్‌టైటిల్స్ వస్తాయి. రెండో సీజన్లో వచ్చిన డొమినికన్ కవలలు మాయా, అలెహాండ్రో స్పానిష్‌లో మాట్లాడుకుంటారు, దానికీ సబ్‌టైటిల్సే. మద్రాసు కుటుంబం మాత్రం? తల్లితో ఇంగ్లీషు, ప్రేయసితో ఇంగ్లీషు, వీధిలో పిల్లాడితో ఇంగ్లీషు. కనీసం ఒక ‘అమ్మా’ లేదు, ఒక ‘వాప్పా’ (రావయ్యా) లేదు. జపాన్‌కి భాష ఉంది, మనకి యాస మాత్రం ఉంది. నాకు కడుపు మండింది అక్కడ.

చీకటిగది:
ఈ పాయింటు బాగుంది, ఒప్పుకుంటున్నాను. జపనీస్ సంగతి వేరేగా ఉండటానికి ఒక కారణం హిరోగా వేసిన మాసీ ఓకా. టోక్యోలో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో పెరిగినవాడు, తన జపనీస్ డైలాగులు తనే అనువదించుకునేవాడు. అంటే సెట్‌లో ఆ భాష తెలిసిన మనిషి, నోరున్న మనిషి ఒకడు ఉన్నాడు. ఎమ్మీ నామినేషన్ కూడా తెచ్చుకున్నాడు.

మొహిందర్ తండ్రిగా వేసిన ఎరిక్ అవారీ డార్జిలింగ్‌లో పుట్టిన పార్సీ. మొహిందర్‌గా వేసిన సెంథిల్ రామమూర్తి షికాగోలో పుట్టాడు, లండన్‌లో నటన నేర్చుకున్నాడు. మామూలుగా మాట్లాడితే పక్కా అమెరికన్. ఆ గంభీరమైన బ్రిటిష్ ఇండియన్ యాస పాత్ర కోసం పెట్టిందే.

మిడ్‌లాండ్ మావ:
ఆగండాగండి, రామమూర్తి పుట్టింది షికాగోలోనే గానీ పెరిగింది టెక్సస్‌లో, శాన్ ఆంటోనియోలో. టెక్సస్ చీర్‌లీడర్‌గా వేసిన హేడెన్ పానెటియర్ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో. అంటే ఆ మొత్తం గుంపులో అసలు సిసలు టెక్సస్ కుర్రాడు మద్రాసు ప్రొఫెసరు వేషంలో ఉన్నాడు! నాకిదే పెద్ద జోకు.

నేను చమురు పనిమీద మిడ్‌లాండ్‌లో ఉంటున్నాను. ఆ చీర్‌లీడర్ క్లెయిర్ వాళ్ళ ఊరు ఒడెస్సా మాకు ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకే. మొదటి సీజన్లో హిరోకి నచ్చిన హోటల్ పిల్ల చార్లీ పనిచేసేది మిడ్‌లాండ్‌లోనే. ఇక్కడికొచ్చాక ఒకరోజు కూర్చుని అదే పనిగా చూశాను, మా ఊరు ఎక్కడన్నా కనబడుతుందేమోనని. తీసింది కాలిఫోర్నియాలో కాబట్టి నేల కూడా మాది కాదు. ఇక్కడ నేల చపాతీ పీటలా ఉంటుంది, ఎటు చూసినా చమురు తోడే పంప్‌జాక్‌లు తలలూపుతూ ఉంటాయి, గాలి దుమారం లేస్తే కారు రంగు మారుతుంది. ఊళ్ళో సగానికి సగం హిస్పానిక్ జనం. సీరియల్లో వాళ్ళ జాడే లేదు. హైస్కూలు, ఫుట్‌బాల్ కెప్టెన్, చీర్‌లీడర్లు, అంతే. అమ్మాయి మీద చెయ్యి వేసే కెప్టెన్ కూడా అచ్చులోంచి తీసినవాడే. అమెరికా వాడు తన దేశంలో ఊరినే ఇలా చూపించుకుంటే ఇక మద్రాసు ఏపాటి?

కడప కారం:
మావా, నువ్వు చెప్పింది నిజమేగానీ ఒక తేడా ఉందప్పా. ఒడెస్సా గురించి తప్పుగా చూపిస్తే, దాన్ని సరిచేసేకి వేరే వంద సీరియళ్ళు ఉంటాయి. టెక్సస్ అంటే ఏమో ప్రపంచానికంతా తెలుసు. మద్రాసు గురించి అమెరికా పల్లెలో కూర్చున్నోడికి తెలిసేది ఆ నాలుగు నిమిషాలే. కార్క్ గురించి తెలిసేది ఆ పబ్బే. మా సీమ గురించి బయటోళ్ళకి తెలిసింది ఏమి? బాంబులు, సుమోలు, వేటకొడవళ్ళు. నేను హైదరాబాదులో ఇల్లు బాడుగకి అడిగితే "కడపా?" అని ఒకాయన నవ్వుతానే రెండడుగులు వెనక్కి పోయినాడు. నేను చేసేది బ్యాంకులో క్లర్కు పనిరా సామీ.

ఓరుగల్లు పోరడు:
నీకు గదన్న ఉన్నది కడపన్నా, నిన్ను చూసి భయపడుతరు. మా బాస మాట్లాడెటోణ్ణి సినిమాల ఎప్పుడు చూసినా తాగుబోతు, రౌడీ, లేకుంటే హీరో పక్కన తన్నులు తినే జోకర్. హీరో మాత్రం శిష్ట భాషనే మాట్లాడుతడు. 2014 తర్వాతనే జర మారింది. ఇప్పుడు హీరోలే మన యాస కొడుతున్నరు, పైసలొస్తున్నయ్ గదా మరి.

సిక్కోలు సిన్నది:
మీరిద్దరూ నయం బాబూ. మా యాసకి సినిమాలో ఒకటే ఉద్యోగం, వాచ్‌మేన్. ఆడదైతే పనిమనిషి. ఏటి సేస్తాం. రౌడీ వేషం కూడా ఇవ్వరు మాకు!

నిర్వాహకుడు:
ప్రాంతాల గొడవకి వేరే దారం (థ్రెడ్) ఉంది, అక్కడ ఇప్పటికే తగినంత రక్తపాతం జరిగింది. ఇక్కడ ‘హీరోస్’ మీద ఉందాం. పోలిక కోసం ఒక మాట అనుకోవడంలో తప్పులేదు, తిట్లలోకి దిగితే మాత్రం మూసేస్తాను.

కార్క్ కాఫీ:
అమ్మయ్య, నా ఊరి పేరు శీర్షికలో చూసి పరిగెత్తుకొచ్చాను. పన్నెండో ఏడు నడుస్తోంది మేమిక్కడికొచ్చి, మా ఆయన మందుల కంపెనీలో, నేను ఆస్పత్రిలో.

ఆ రెండో సీజన్ మొదలు గుర్తుచేస్తాను. కార్క్ రేవులో దొంగలు ఒక కంటైనర్ తాళం పగలగొడతారు, లోపల ఐపాడ్లు ఉంటాయని. తీరా చూస్తే గొలుసులతో కట్టేసిన పీటర్ పెట్రెల్లి, మన న్యూయార్కు హీరోల్లో ఒకడు, తనెవరో తనకే గుర్తులేదు. ఇక అక్కణ్ణుంచి రికీ అనే ముఠా నాయకుడు, అతని చెల్లెలు కెయిట్లిన్, ఒక పబ్బు, ఒక దోపిడీ. వారాల తరబడి అదే గదిలో అవే మొహాలు.

ఇప్పుడు అసలు కార్క్ వినండి. ఐపాడ్ దొంగతనం అన్నారు కదా, ఆపిల్ కంపెనీ 1980 నుంచీ ఇక్కడ హాలీహిల్‌లో ఉంది. రింగాస్కిడీలో ఫైజర్ ఫ్యాక్టరీ, వయాగ్రా మందు తయారైంది అక్కడే. సీరియల్ వచ్చిన 2007లో ఐర్లండ్ డబ్బులో తేలుతోంది, పోలండ్ నుంచి జనం ఇక్కడికి పనికోసం వచ్చేవాళ్ళు. ఆ కాలపు కార్క్‌ని చూపించాలంటే ల్యాబ్ కోటు వేసుకున్న అమ్మాయిని చూపించాలి, అప్పు చేసి రెండో ఇల్లు కొన్న ఎలక్ట్రీషియన్‌ని చూపించాలి. వీళ్ళు వందేళ్ళనాటి రేవు కథ పట్టుకొచ్చారు.

యాస సంగతి అడక్కండి. కార్క్ వాళ్ళ మాట పాడినట్టుంటుంది, వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు పైకీ కిందకీ ఊగుతుంది. డబ్లిన్ వాళ్ళే దాన్ని వెక్కిరిస్తారు. సీరియల్లో రికీగా వేసింది అమెరికన్, కెయిట్లిన్‌గా వేసింది ఇంగ్లండు అమ్మాయి. మా వార్డులో ఒక నర్సుకి రెండు నిమిషాల ముక్క చూపించాను. ఆవిడ టీ కప్పు పక్కన పెట్టి, "వీళ్ళు ఏ దేశం వాళ్ళు?" అని అడిగింది.

కొత్తగా చేరా:
హహహ. నర్సు గారికి దండం. కానీ ఒక సందేహం అక్కా, మనకి ఐరిష్ వాళ్ళ మీద ఆ ముద్ర ఉందని తెలుసా అసలు? నాకైతే పబ్బు, టాటూ, దోపిడీ చూసి "ఓహో ఐర్లండ్ ఇలా ఉంటుందా" అనిపించిందంతే.

కార్క్ కాఫీ:
అదేనమ్మా/తమ్ముడూ సమస్య. తాగుడు, కొట్లాట, మంచి మనసున్న దొంగ, ఇవి ఐరిష్ వాళ్ళ మీద పాత ముద్రలు. తెలిసినవాడికి విసుగు, తెలియనివాడికి పాఠం.

కానీ నన్ను కలిచింది యాస కాదు, కెయిట్లిన్‌కి చేసింది. పీటర్ ఆ పిల్లని వెంటబెట్టుకుని కాలంలో ముందుకి దూకుతాడు. వైరస్ వచ్చి ప్రపంచంలో నూటికి తొంభైమందికి పైగా చచ్చిపోయిన భవిష్యత్తు అది. అక్కడ అధికారులు ఆమెని లాక్కెళ్ళిపోతారు, పీటర్ ఒక్కడే వెనక్కి వచ్చేస్తాడు. తర్వాత ఆ భవిష్యత్తు రాకుండా ఆపేస్తారు. మరి కెయిట్లిన్? అంతే. మళ్ళీ ఆమె పేరెత్తినవాడు లేడు. ప్రాణంలా ప్రేమించినవాడు మూడో సీజన్లో ఒక్కసారి కూడా తల్చుకోడు.

తాటిముంజ:
ఇది నేను పూర్తిగా మర్చిపోయాను! నిజమే, ఆమె ఏమైందో చెప్పనే లేదు. రచయితల సమ్మె వల్ల కదా? 2007 నవంబరులో మొదలైంది, రెండో సీజన్‌ని పదకొండు ఎపిసోడ్లకే ముగించేశారు.

చీకటిగది:
సమ్మె సగం కారణం. కానీ సమ్మె అయ్యాక ఇంకో రెండు సీజన్లు తీశారు కదా, అప్పుడు అడ్డేమిటి? నేను అభిమానిని కాబట్టి క్రింగ్‌ని వెనకేసుకొస్తున్నాను గానీ, ఇక్కడ నోరు మూసుకోవాల్సిందే. వరసపెట్టి చూద్దాం, రెండో సీజన్లో బయటి ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఏమయ్యారో.

కార్క్ కెయిట్లిన్, రాని భవిష్యత్తులో చిక్కుకుపోయింది. ఆమె అన్న చచ్చిపోయాడు. డొమినికన్ అలెహాండ్రోని సీరియల్లో విలన్ సైలార్ చంపేశాడు. మాయా మూడో సీజన్ మధ్యలో మాయం. న్యూ ఓర్లీన్స్ పిల్ల మోనికా, కత్రినా తుపానులో తల్లిని పోగొట్టుకుని హోటల్లో బర్గర్లు అమ్ముకునే అమ్మాయి, ఏది చూస్తే అది చేసెయ్యగలదు, ఎంత బాగుండేది ఆ పాత్ర! రెండో సీజన్ తర్వాత మళ్ళీ రాలేదు. మూడో సీజన్లో ఆఫ్రికా ఎడారిలో ఉసుటు అని ఒకాయన వస్తాడు. చెవులకి హెడ్‌ఫోన్లు, బండరాళ్ళ మీద భవిష్యత్తు బొమ్మలు. లాస్ ఏంజెలెస్ పోలీసు మ్యాట్ పార్క్‌మన్‌కి జ్ఞానోపదేశం చేస్తాడు, తల తెగి చస్తాడు.

చివరిదాకా నిలిచింది ఎవరు? న్యూయార్క్ పెట్రెల్లి కుటుంబం, టెక్సస్ బెనెట్ కుటుంబం (క్లెయిర్ వాళ్ళది), సైలార్, పార్క్‌మన్. బయటినుంచి హిరో, ఆండో.

పెరంబూర్ తెలుగోడు:
చీకటిగది గారూ, ఇంతసేపూ మేము యాస, పేర్లు అంటూ పైపైన గోకాం. మీరు లోపలికి వెళ్ళారు.

ఓరుగల్లు పోరడు:
గిప్పుడు సమజైంది. యాస ఖరాబ్ చేస్తే చేసిండ్రు గనీ, మనిషినే ఆగం జేసి యాడ్నో ఇడిసిపెట్టుడేందే? మన సినిమాల గూడ హీరో దోస్తు మన బాస మాట్లాడుతడు, ఇంటర్వెల్‌కి ముంగట సచ్చిపోతడు. హీరోకు కోపం రావాలె గదా.

మిడ్‌లాండ్ మావ:
మాయా, అలెహాండ్రోల దారి గురించి ఎవరూ అనలేదేంటి? డొమినికన్ రిపబ్లిక్ అంటే కరీబియన్ సముద్రంలో దీవి, హైతీ పక్కనే. అక్కడి జనం అమెరికా వచ్చేది ఎక్కువగా విమానంలో, న్యూయార్కుకి. మన్‌హటన్ ఉత్తరాన వాషింగ్టన్ హైట్స్ మొత్తం వాళ్ళ పేటే. ఈ కవలలు మాత్రం మధ్య అమెరికాకి పోయి, అక్కణ్ణుంచి మెక్సికో మీదుగా కార్లలో, కాలినడకన, ఎపిసోడ్ల తరబడి సరిహద్దుకి వస్తారు. స్పానిష్ మాట్లాడితే చాలు, ఎవడైనా మెక్సికో సరిహద్దు దాటే రావాలి! నేనుండే చోట సరిహద్దు దాటిన కుటుంబాలు నిజంగానే ఉన్నాయి. వాళ్ళ కథ చెప్పాలనుకుంటే వాళ్ళనే పెట్టొచ్చు కదా, దీవి మనుషుల్ని తెచ్చి ఎడారిలో నడిపించడమెందుకు?

సిక్కోలు సిన్నది:
నాకు హైతియన్ గురించి చెప్పాలనుంది. ఆ నటుడు జిమ్మీ జాన్-లూయీ నిజంగా హైతీ మనిషే. మొదట్లో మాట్లాడడు, ఇతరుల జ్ఞాపకాలు చెరిపేస్తాడు, వెనక నిలబడి చూస్తుంటాడు. క్లెయిర్ దగ్గర మొదటిసారి నోరు విప్పినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ ఒక్క సీను కోసం ఆ మౌనం అంతా బాగానే ఉందనిపించింది. తర్వాత ఏం చేశారు? మూడో సీజన్లో హైతీ తీసుకెళ్ళారు. వెళ్తే అక్కడ అతని అన్నో తమ్ముడో ఒక నియంత, పేరు బారన్ సమెది. అది వూడూలో చావు దేవర పేరు. హైతీకి వెళ్ళే అవకాశం వచ్చినా చూపించింది అడవి, తుపాకులు, వూడూనే. 1804లో బానిసలు తిరగబడి సొంత దేశం చేసుకున్న నేల అది. అలాంటి నేలనుంచి వచ్చినవాడికి పేరు పెట్టడానికి అన్నాళ్ళు పట్టింది.

కడప కారం:
సిన్నమ్మా, బాగా చెప్పినావు.
జపాన్ సంగతి కూడా అంత మంచిగా ఏమీ లేదప్పా. హిరో నాయన చిన్నప్పుడు చెప్పిన కథల్లో వీరుడు తకేజో కెన్‌సే. మహా సమురాయ్. హిరో 1671కి పోయి చూస్తే ఆ కెన్‌సే తెల్లోడు! ఇంగ్లండు నుంచి వచ్చిన తాగుబోతు. అప్పుడు అది ట్విస్టు అని చప్పట్లు కొట్టినా. ఇప్పుడు ఆలోచిస్తే, జపాన్ వాళ్ళ సొంత పురాణంలో కూడా వీరుడు వాళ్ళోడు కాకుండా పోయినాడే.

చీకటిగది:
దానికి ఎదురు వాదన ఉంది. కెన్‌సే చేతగానివాడు, వీరపనులన్నీ నిజంగా చేసేది హిరోనే. అంటే పురాణం వెనకున్న అసలు వీరుడు జపాన్ కుర్రాడే, పేరు మాత్రం తెల్లవాడికి పోయింది. అలా చూస్తే అది వెక్కిరింపు. రచయితలు అంత ఆలోచించే రాశారా అంటే... ఆ సీజన్ మిగతా పని చూశాక అంత నమ్మకం లేదు లెండి.

ఇంకో విషయం. 2007 నవంబరులో క్రింగ్ ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’ పత్రికతో మాట్లాడుతూ తప్పులు ఒప్పుకున్నాడు. కథ నత్తనడక నడిచిందన్నాడు, హిరోని జపాన్‌లో ఎక్కువకాలం ఉంచామన్నాడు, ప్రేమకథలు అతకలేదన్నాడు, మాయా, అలెహాండ్రో కవలల్ని అసలు కథకి దూరంగా తెచ్చామన్నాడు. అన్నీ నిజమే. కానీ అంతా వేగం గురించే, వాళ్ళని ఎలా చూపించామన్నదాని గురించి ఆ జాబితాలో ఏమీ లేదు. ఫలితం ఏమైందంటే, "బయటి ఊళ్ళ కథలు జనానికి నచ్చలేదు" అన్న లెక్క మిగిలింది. తర్వాతి సీజన్లలో ఊళ్ళు తగ్గించారు గానీ బాగుచెయ్యలేదు.

పెరంబూర్ తెలుగోడు:
తెర వెనక కూడా అంతేనేమో. డీఎల్ హాకిన్స్‌గా వేసిన లెనర్డ్ రాబర్ట్స్ 2020 డిసెంబరులో ‘వెరైటీ’ పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు, ఆ షూటింగ్‌లో నల్లజాతి నటుడిగా తనకి ఎదురైనవాటి గురించి. గోడల్లోంచి నడిచి వెళ్ళగల పాత్ర అది. తెరమీదకి రాకముందే జైలునుంచి పారిపోయిన ఖైదీ, రెండో సీజన్ మొదలయ్యేసరికి చచ్చిపోయాడు. ఆ వ్యాసం చదివి మళ్ళీ మొదటి సీజన్ చూడండి, కొన్ని సీన్లు వేరేగా కనబడతాయి.

కొత్తగా చేరా:
మరి మొహిందర్ చివరిదాకా ఉన్నాడు కదా? అతన్ని ఆ జాబితాలో ఎందుకు వెయ్యలేదు?

పెరంబూర్ తెలుగోడు:
ఉన్నాడు, ఉన్నాడు. ఎలా ఉన్నాడో చెప్తాను. మొదటి ఎపిసోడ్లో మద్రాసులో క్లాసు చెప్తుంటాడు. పరిణామం గురించి మాట్లాడుతూ, దేవుడు తన రూపంలోనే ఎవరినైనా చేసి ఉంటే ఆ దేవుడు బొద్దింక అయ్యుండాలి అంటాడు. భలే సీను. అదే ఊపులో మనం మెదడులో పది శాతమే వాడతామని కూడా అంటాడు, జన్యుశాస్త్రం ప్రొఫెసరు నోట ఆ పుకారు మాట ఎలా రాశారో గానీ. తర్వాత న్యూయార్కు వెళ్ళి తండ్రి నడిపిన ట్యాక్సీయే నడుపుతాడు. తండ్రిని ఎవరు చంపారో తెలుసుకోవడానికట. డాక్టరేట్ ఉన్న భారతీయుడు, స్టీరింగ్ వెనక.

తండ్రి గదిలో పెంపుడు బల్లి ఒకటుంటుంది, దాని పేరూ మొహిందరే! నాకు ఆ బల్లి అంటే ఇష్టం, అదొక్కటే ఆ కుటుంబంలో నిజంగా ఉన్నట్టనిపించింది. మూడో సీజన్లో శక్తులు తెచ్చే మందు తనకే ఎక్కించుకుని, ఒళ్ళంతా పొలుసులు లేచి, మనుషుల్ని గూళ్ళలో చుట్టిపెట్టే పురుగులా మారతాడు. బొద్దింక గురించి మాట్లాడినందుకు శిక్ష అనుకోవాలి.

తాటిముంజ:
‘మద్రాసు’ అన్న పేరే కొంచెం ఇబ్బందిగా లేదూ? తెరమీద "మద్రాస్, ఇండియా" అని వేస్తారు. 1996లోనే చెన్నై అయింది కదా.

పెరంబూర్ తెలుగోడు:
అది నేను పట్టించుకోను. మొహిందర్ పనిచేసే యూనివర్సిటీ ఇప్పటికీ మద్రాసు యూనివర్సిటీయే, హైకోర్టు మద్రాసు హైకోర్టే, ఐఐటీ మద్రాసే. ఇంట్లో మేమూ మద్రాసనే అంటాం. ఆ కలల పిల్లాడు ఫుట్‌బాల్ పట్టుకుని కనబడతాడు చూడండి, "ఇండియాలో క్రికెట్ కాదా" అని చాలామంది ఎగతాళి చేశారు. నేను చెయ్యను. మా పక్కనే వ్యాసర్‌పాడి, అక్కడ పిల్లలకి ఫుట్‌బాలే లోకం. పొరపాటునో, తెలిసో, వాళ్ళు సరిగ్గా పెట్టింది అదొక్కటే.

కార్క్ కాఫీ:
చీకటిగది గారూ, 2015లో ‘హీరోస్ రీబార్న్’ అని పదమూడు ఎపిసోడ్లు వచ్చాయి కదా. అందులోనైనా బాగుపడ్డారా? మా ఆయన చూద్దామంటున్నాడు.

చీకటిగది:
టోక్యో అమ్మాయి ఉంది, చేతిలో కటానా పట్టుకుని వీడియో గేమ్‌లోకి వెళ్ళిపోతుంది. గుమాస్తా పోయి కత్తి వచ్చింది. కథ మళ్ళీ ఒడెస్సాలోనే మొదలు, బాంబు పేలి జనం చచ్చిపోతారు. ఐర్లండ్ లేదు, కెయిట్లిన్ ఊసు లేదు.

ఇంకోటి చెప్పాలి. ఈ దారంలో నా మొదటి మాటే, మన మొహాలు విమానాశ్రయం అనుమానితులుగా కనబడే రోజుల్లో మొహిందర్ వచ్చాడని. ‘రీబార్న్’లో ఆ ఒడెస్సా బాంబు నేరం ఎవరి నెత్తిన వేస్తారో తెలుసా? మొహిందర్ సురేశ్. దేశమంతా అతన్ని ఉగ్రవాది అనుకుంటుంది. అది కుట్రే, అతను చెయ్యలేదు, కథలో తేలుతుంది. అయినా అంతమంది పాత్రల్లో ఆ వేషానికి దొరికింది అతనే. సెంథిల్ రామమూర్తి కాసేపు మాత్రం కనబడతాడు.

మిడ్‌లాండ్ మావ:
శాన్ ఆంటోనియో కుర్రాడు, మా పక్కూళ్ళో బాంబు కేసులో ముద్దాయి. ఇక నేనేం మాట్లాడను.

ఓరుగల్లు పోరడు:
కార్క్ అక్కా, మీ సారుకు జెప్పు, గా పదమూడు ఎపిసోడ్ల టైముల ఇంకేదన్న చూడుమను. చూస్తే మొదటి సీజనే మళ్ళ చూడుండ్రి.

పెరంబూర్ తెలుగోడు:
బల్లి ఉన్న ఎపిసోడ్లు మాత్రం తప్పకుండా చూడండి.